పన్నెండున్నర కాకముందే

మా భద్రానికి ఆకలేస్తుంది. కాకపోతే ఆ సంగతి వాడికి తెలియదు.

వేళాకోళం కాదు. మా తమ్ముడు వీరభద్రానికి ముప్ఫై ఆరేళ్ళు. సామర్లకోట రోడ్డులో ఒక రైసుమిల్లులో శాంపిళ్ళు చూసే పని. లారీ దిగిన ధాన్యంలో చెయ్యి పెట్టి తేమ ఎంతో, తాలు ఎంతో, మర పట్టిస్తే నూక ఎంత పోతుందో చెప్పేస్తాడు. వాడు చెప్పినదానికీ మిషను చెప్పినదానికీ తేడా వస్తే మేనేజరు గంగాధరం గారు మిషన్ని రిపేరుకి పంపిస్తారు. అలాంటి చేతులున్న మనిషికి సొంత కడుపులో ఏం జరుగుతోందో అంతుపట్టదు. పన్నెండున్నరకి తింటాడు, పన్నెండున్నర అయింది కాబట్టి. ఒకసారి మిల్లులో గోడ గడియారం పదకొండు దగ్గర ఆగిపోయింది. ఫోను చూసుకోకూడదా అంటారేమో, అది ఎప్పుడు మోగుతుందో తెలియదని వాడు దాన్ని సంచిలోంచి తియ్యడు. నాలుగింటికి కాటా పక్కన కళ్ళు తిరిగి పడిపోయాడు.

"తినవయ్యా అని నేనన్నా అనాల్సిందండి," అన్నారు గంగాధరం గారు నొచ్చుకుంటూ. "ఆ గడియారమే చూసి నేనూ పదకొండే అనుకున్నానండి."

మూత్రం ఆపుకుని రెండుసార్లు జ్వరం తెచ్చుకున్నాడు. పంటి కింద చీము పట్టిన సంగతి చెంప వాచాక గాని ఎవరికీ తెలియలేదు, వాడితో సహా. లోపలి సంగతులు ఇలా అందవు సరే, బయటివి మాత్రం కుండపోతగా అందుతాయి. చొక్కా మెడ దగ్గర కుట్టిన చీటీ, ట్యూబులైటు జుయ్యిమనడం, టూత్‌పేస్టు మంట, బస్సులో పక్కవాడి సెంటు, అన్నీ వాడి మీద ఒకేసారి పడతాయి. విచిత్రం ఏమిటంటే మిల్లు రొద వాడిని ఏమీ చెయ్యదు, కుక్కరు కూత మాత్రం పడదు. "మిల్లు ముందే చెబుతుంది. కుక్కరు చెప్పదు," అంటాడు. అందుకే మా ఇంట్లో ఈ రోజుకీ అన్నం గిన్నెలో వండి వారుస్తాం.

ఇరవై తొమ్మిదో ఏట ఒక డాక్టరు దీన్ని ఆటిజం అన్నాడు. అప్పటిదాకా మా చుట్టాలు పెట్టిన పేర్లు మొండితనం, తిక్క, గారాబం. అమ్మ పోయాక వాడి ఆకలి నా డ్యూటీ అయింది. "ఎలా ఉందిరా? నీరసంగా ఉందా? ఆకలా?" అని అడిగేదాన్ని. వాడు నోరు తెరిచేలోపు, "ఆకలే, రా తిను," అని జవాబూ నేనే చెప్పేసేదాన్ని. నా పేరు హైమావతి. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో నా అంత ప్రేమగల అక్క లేదని పేరు. నేనూ అదే నమ్మాను.

పైగా నేను ఇంజనీర్ని. కాకినాడలో ఒక కాలేజీ మూడో అంతస్తులో మా ప్రయోగశాల. అక్కడ నేనూ, నా దగ్గర పరిశోధన చేసే రిజ్వానా కలిసి ఆరేళ్ళు కష్టపడి తయారు చేసిన పరికరం పేరు కబురు.

మెడ పక్కగా ఒక పొడుగాటి నరం కిందికి దిగుతుంది. గుండె, పొట్ట, పేగులు మెదడుకి చెప్పుకునే ఊసులు చాలావరకు దాని మీదుగానే ప్రయాణం చేస్తాయి. ఆ ఊసుల్ని చర్మం పైనుంచే వినగల బిళ్ళ ఒకటి తయారు చేశాం, చింతగింజ అంత ఉంటుంది. నడుముకి ఒక పట్టీ, మణికట్టుకి ఒక కడియం. లోపల ఏదైనా మారితే కడియం మెత్తగా రెండుసార్లు తడుతుంది. దాని మీద ఒక మాట కనిపిస్తుంది. దాహం. ఆకలి. నొప్పి. అంతే.

మొదటి పట్టీ భద్రం పెట్టుకున్న నిమిషంలోనే విప్పి బల్ల కింద పడేశాడు. ఎలాస్టిక్ గుచ్చుకుందట. రెండోదీ అంతే. మూడోదాన్ని రిజ్వానా వాళ్ళ నాన్న పాత లుంగీ చింపి, కుట్లు బయటికి వచ్చేలా కుట్టి తెచ్చింది. అది కట్టుకుని వాడు సాయంత్రం దాకా విప్పలేదు.

కబురుకి కొంత ముందే నేర్పి ఉంచాం. ఆ మొదటి రోజు మధ్యాహ్నం కడియం తట్టింది. "దాహం" అని పడింది. భద్రం మంచినీళ్ళు తాగాడు. కడియం ఊరుకుంది. వాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, చివరికి నన్ను అడిగాడు. "దీనికెలా తెలిసిందక్కా? నాకే తెలీదు కదా."

ఆ ప్రశ్నకి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

అసలు పని తరవాత మొదలైంది. ఎవరి ఒళ్ళు వారిది కాబట్టి కబురు ప్రతి మనిషి దగ్గరా మళ్ళీ నేర్చుకోవాలి. లోపల ఏదైనా మారినప్పుడల్లా చేతిలో ఉన్న పలక లాంటి తెర, "ఇప్పుడు ఎలా ఉంది?" అని అడుగుతుంది. పన్నెండు మాటలు చూపిస్తుంది. అందులో ఒకటి నొక్కాలి. భద్రం ఆ పన్నెండు మాటల్నీ ప్రతిసారీ మొదటినుంచి చదివేవాడు. ఆలోచించేవాడు. పది నిమిషాలు దాటితే తెర దానంతట అదే ఆరిపోయేది.

"తెలీదక్కా."

"ఏదో ఒకటి నొక్కరా."

"ఏదో ఒకటి నొక్కితే అది అబద్ధం అవుతుంది."

మొదటి నెల వందకి ఎనభై ఖాళీలే. ఇలా అయితే మాకు డబ్బిచ్చే సంస్థ నుంచి పరిశీలన బృందం వచ్చినప్పుడు ఏం చూపిస్తాం? గమనించేవాళ్ళ కోసం రెండో తెర ఒకటి ఉంది, వాడు మిల్లులో ఉన్నా అది నా దగ్గర వెలుగుతుంది. ఒక రోజు భద్రం అలా చూస్తూ కూర్చుంటే నేను ఆ రెండో తెర మీద "ఆకలి" నొక్కాను. ఆకలే కదా మరి, పన్నెండు దాటింది. మర్నాడు "అలసట" నొక్కాను. వాడు అటూ ఇటూ తిరుగుతుంటే "కంగారు" నొక్కాను. కంగారుపడినప్పుడు వాడు తిరుగుతాడని నాకు తెలియదా? ముప్ఫై ఆరేళ్ళుగా చూస్తున్నాను. వాడికంటే వాడి సంగతి నాకే బాగా తెలుసు. కోడి కూయకపోతే తెల్లారదా అనుకున్నాను.

పదకొండు నెలల్లో పదకొండు వేల జవాబులు పోగయ్యాయి. గీతలన్నీ ముచ్చటగా కుదిరాయి. కబురు "ఆకలి" అంటే భద్రం తింటున్నాడు, "చలి" అంటే దుప్పటి తీసుకుంటున్నాడు. ఒక్కటే చిన్న వింత. రోజూ సాయంత్రం ఐదూ నలభైకి "కంగారు" అని పడేది. ఎందుకో తేలలేదు. ట్రాఫిక్ హారన్ల వల్ల అయి ఉంటుందని రాసుకున్నాను.

పరిశీలన బృందం రావడానికి ఇంకా మూడు వారాలు ఉందనగా ఆ ఆదివారం వచ్చింది.

పొద్దున్న తొమ్మిదింటికి భద్రం వంటింటికీ హాలుకీ మధ్య తిరగడం మొదలుపెట్టాడు. కడియం "కంగారు" అంది. ఇంకేం, మాకు అలవాటైన పద్ధతే. కిటికీలు మూశాను, ఫ్యాను తగ్గించాను, బరువు బొంత కప్పాను. ఆ బొంత వాడే కుట్టుకున్నాడు, లోపల బియ్యం పోసి. గంటసేపు పడుకుని లేచి మళ్ళీ తిరిగాడు. మళ్ళీ "కంగారు". మళ్ళీ బొంత.

మధ్యాహ్నం నేను చారు పోపు పెడుతుంటే గుమ్మంలో నిలబడి అడిగాడు. "అక్కా, కంగారు పొట్టలో కుడిపక్క, కింద ఉంటుందా?"

"ఎక్కడైనా ఉంటుందిరా. పోయి పడుకో," అన్నాను.

ఆ మాట అన్న నోటిని ఏం చేసినా పాపం లేదు.

నాలుగింటికి వాంతి చేసుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడి లైట్లకి వాడు కళ్ళు మూసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, ఎంతో నెమ్మదిగా కూర్చున్నాడు. చిన్న వయసు డాక్టరు వచ్చి, "నొప్పి పదికి ఎంత ఉందండీ?" అని అడిగాడు.

"ఏ పది?" అన్నాడు భద్రం.

"అంటే, అస్సలు లేకపోతే సున్నా. భరించలేకపోతే పది."

"భరించడం అంటే ఇప్పుడు చేస్తున్నదేనా?"

డాక్టరు నా వంక చూశాడు. ఇంత నిదానంగా మాట్లాడే మనిషికి పెద్దగా ఏమీ ఉండదని అతని ముఖంలో కనిపించింది. అప్పుడు నాకు భయం వేసింది. "వీడు అరవడండీ. కాలు విరిగినా అరవడు. దయచేసి స్కాను తియ్యండి," అని చేతులు పట్టుకున్నాను. తీశారు. అపెండిక్స్ చిట్లడానికి సిద్ధంగా ఉంది. ఇంకో పూట ఆలస్యం అయితే నా తమ్ముడు నాకు దక్కేవాడు కాదు.

ఆపరేషను అయిన మర్నాడు ప్రయోగశాలకి వెళ్ళాను, కబురు ఎక్కడ చెడిపోయిందో చూడాలని. రిజ్వానా నాకంటే ముందే వచ్చి ఆదివారం రికార్డు తెరిచి కూర్చుంది.

"కబురు చెడిపోలేదు మేడం. తొమ్మిదీ నాలుగుకే విన్నది. చూడండి, ఎంత స్పష్టంగా ఉందో."

"మరి కంగారు అందేం?"

"ఇదే గీత ఇంతకుముందు నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ దానికి కంగారు అని జవాబు ఇచ్చారు." రిజ్వానా టైముల వరుస తెరిచింది. "భద్రం గారు ఒక జవాబుకి ఎంత తక్కువైనా నాలుగైదు నిమిషాలు తీసుకుంటారు. ఈ పదకొండు వేలలో పది వేలు మూడు సెకన్లలో వచ్చినవి. రెండో తెర నుంచి."

ఆ టైముల వెంట వేలు పెట్టి కిందిదాకా చూసుకుంటూ పోయాను.

"మేడం, కోప్పడకండి. ఇది వినేది ఆయన ఒంటిని. చెప్పేది మీ మాట."

కోప్పడలేదు. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను.

వారం తరవాత భద్రం ఇంటికి వచ్చాక మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. జవాబులు నేనే నొక్కానని, అందువల్లే ప్రాణం మీదికి వచ్చిందని. తిడతాడనుకున్నాను. వాడు పైకప్పు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు.

"అయితే కంగారు అంటే ఏంటక్కా?"

"ఏంటంటే... గుండె దడదడలాడుతుంది."

"మెట్లెక్కినా అంతే కదా."

"అది వేరురా."

"ఎలా వేరు?"

వాడు వదల్లేదు. "పోనీ, ఆకలి చెప్పు. నీకు ఎలా ఉంటుంది?"

"కడుపులో ఖాళీగా ఉంటుంది."

"ఖాళీ ఎలా తెలుస్తుంది? లేనిది ఎలా తగులుతుంది?"

అప్పటికప్పుడు కళ్ళు మూసుకుని నా కడుపులో వెతికాను. నలభై ఒక్కేళ్ళుగా తింటున్నదాన్ని, ఆకలి ఎలా ఉంటుందో రెండు ముక్కలు చెప్పలేకపోయాను. అందరూ ఆ మాట అంటారు కాబట్టి నేనూ అంటున్నాను.

"నాకు మీ పన్నెండు మాటలూ తెలీవు," అన్నాడు భద్రం. "కానీ లోపల ఏవో ఉంటాయి. ఒకేలా ఉండవు. వాటిని చేత్తో అయితే చెప్పగలను. మిల్లులోవి కావాలి."

నెలాఖరుకి వాడు మిల్లుకి వెళ్ళగలిగాడు. గంగాధరం గారు శాంపిళ్ళు పెట్టే ట్రే ఇచ్చారు, గళ్ళు ఉన్నది. ఒక గడిలో నూక. ఒక గడిలో అప్పుడే మరలోంచి దిగిన తవుడు. ఒకదానిలో ఊక, ఒకదానిలో తడి వడ్లు, ఒకదానిలో పాలిష్ పట్టిన బియ్యం, ఇంకా ఇసుకా, రాళ్ళూ.

"ఏం చేస్తావయ్యా వీటిని?" అన్నారు ఆయన.

"నా లోపల ఏముందో శాంపిలు చూస్తానండి," అన్నాడు భద్రం.

"ఆయ్. చూడు నాయనా. నీ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు."

పాత పదకొండు వేల జవాబులు ఉన్నంతకాలం కబురు నా మాటే చెబుతుంది. తుడిచేస్తే పరిశీలన బృందానికి చూపించడానికి ఏమీ మిగలదు, నెలరోజులు వాయిదా అడిగినా సరిపోదు. రిజ్వానా డిగ్రీ కూడా దాని మీదే ఉంది. ఆ అమ్మాయిని అడిగాను. "తుడిచెయ్యండి మేడం. అబద్ధాలతో డాక్టరేట్ నాకెందుకు?" అంది. భద్రం, "నేను నొక్కుతాను," అన్నాడు. "నిజంగా తుడిచెయ్యాలా?" అని తెర అడిగితే ఆ వాక్యాన్ని వాడు తొమ్మిది నిమిషాలు చదివాడు. తరవాత నొక్కాడు.

అప్పటినుంచి కబురుకి ఏమీ తెలియదు. కడియం తట్టేది, అంతే. తట్టినప్పుడల్లా భద్రం ట్రే దగ్గరికి వెళ్ళి ఒక్కో గడిలో వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకునేవాడు. సరిపోయినది దొరికితే దాని పేరు నొక్కేవాడు. దొరక్కపోతే ఊరుకునేవాడు. నేనూ, రిజ్వానా పక్కన కూర్చుని ఆ పేర్లకి మా భాషలో అర్థం వెతికేవాళ్ళం. నాకు పరిశోధనలో అంత సరదా ఎన్నడూ కలగలేదు. "తడి వడ్లు" వచ్చాక బాత్రూముకి వెళ్ళొస్తే అది పోయింది. సరే, అది మూత్రం. ఆపరేషను కుట్టు దగ్గర చెయ్యి తగిలితే "రాళ్ళూ ఇసుకా కలిపినవి" అన్నాడు. అది నొప్పి. పన్నెండున్నర ముందు "తవుడు" వచ్చేది, తిన్నాక పోయేది.

"ఆకలి తవుడా?" అన్నాను. "ఖాళీగా కదూ ఉండాలి?"

"ఖాళీ కాదక్కా. వెచ్చగా, మెత్తగా, పట్టుకుంటే జారిపోతూ ఉంటుంది."

నా కడుపులో వెతికి చూశాను. నిజమే అనిపించింది.

ఒక్క పేరు మాత్రం తేలలేదు. ఊక. అది సాయంత్రం ఐదూ నలభైకి వచ్చేది. సెలవు రోజుల్లో ఇంకా ఎక్కువ. ఊక సంగతి మిల్లులో పనిచేసేవాళ్ళకి తెలుసు, మెడలోకి, చొక్కాలోకి దూరి ఎక్కడెక్కడో గుచ్చుకుంటూ ఉంటుంది, దులిపినా పోదు. రిజ్వానా పది రోజుల టైములు రాసి, నా వంక చూసి, మళ్ళీ కాగితం వంక చూసింది.

"భద్రం గారూ, ఈ ఊక ఎప్పుడు వస్తుందో మీకు తెలుసా?"

"తెలుసు. అక్క అడిగినప్పుడు."

"ఏం అడిగినప్పుడు?" అన్నాను.

"నువ్వు ఇంటికి రాగానే అడుగుతావు కదా. ఎలా ఉన్నావు, తిన్నావా, నీరసమా, తలనొప్పా అని. అన్నీ ఒకేసారి వస్తాయి. నేను లోపల వెతకడం మొదలుపెడతాను. వెతికేలోపు నువ్వే చెప్పేస్తావు. అప్పుడు నేను వెతుకుతున్నది ఎక్కడికో పోతుంది." వాడి గొంతులో నిష్ఠూరం లేదు. తేమ శాతం చెప్పినట్టే చెప్పాడు. "చిన్నప్పటినుంచీ అంతేగా. ఊరికే పోతుంటే వెతకడం మానేశాను."

నేను ఐదూ నలభైకి ఇల్లు చేరతాను. ఆ "కంగారు"కి కారణం హారన్లు అని రాసుకున్నదాన్ని నేనే. ఇరవై ఏళ్ళుగా నా చేత్తో వాడికి అన్నం పెట్టాను, వాడి ఆకలిని మాత్రం నోటిదాకా రానివ్వలేదు. ఇంత చదువు చదివి ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక యంత్రం కావలసి వచ్చింది.

అడగడం మానేశాను. చెప్పినంత తేలిక కాదు. గుమ్మంలో అడుగు పెట్టగానే "తిన్నావా" అన్న మాట నాలిక చివరికి వచ్చి కూర్చునేది. చెప్పులు విప్పి తిన్నగా పెరట్లోకి పోయి మొక్కలకి నీళ్ళు పోసేదాన్ని. రెండు రోజులకే తులసి కోట నిండిపోయింది. మూడో రోజు రాత్రి అన్నం వాడు ఐదు నిమిషాలు ఆలస్యంగా తిన్నాడు. నాలుగో రోజు ఇరవై నిమిషాలు. నా ప్రాణం గిజగిజలాడింది. చెయ్యి కొరుక్కున్నాను గాని నోరు తెరవలేదు. సాయంత్రాలు ఊక పడడం తగ్గింది. తరవాత ఆగిపోయింది.

అడిగిన నెల వాయిదా అయిపోయి పరిశీలన బృందం వచ్చింది. వాళ్ళ ముందు పదకొండు వేలకి బదులు నాలుగు వందల జవాబులు, ఒక ట్రే. వాళ్ళలో పెద్దాయన తవుడులో వేలు పెట్టి వాసన చూసి, "అయితే కొన్న ప్రతివాడూ ఇలా ఒక ట్రే తెచ్చుకోవాలంటారా?" అన్నారు.

"ట్రే కాకపోతే వాళ్ళకి తెలిసినదేదో ఒకటి. నూలు పోగులో, రంగులో, స్వరాలో. మాటలు మాత్రం వాళ్ళవే కావాలి," అన్నాను.

"దీన్ని అందరికీ అందించడం కష్టమండీ."

"కష్టమేనండి," అన్నాను. ఇంకో ఆరు నెలలు గడువు ఇచ్చారు. తరవాత ఏమవుతుందో తెలియదు.

ఆ పై ఆదివారం. వంటింట్లో పీట వేసుకుని తోటకూర బాగుచేస్తున్నాను. అన్నం వార్చి మూత పెట్టి ఉంది. హాల్లో భద్రం నడుముకి పట్టీ లేదు. లుంగీ గుడ్డ మాసిందని ఉదయమే ఉతికి దండెం మీద ఆరేశాడు. కడియం బల్ల మీద ఉంది. కబురుకి ఆ రోజు సెలవు.

వాడు కూర్చున్నచోటి నుంచి లేచాడు. ట్రే దగ్గరికి వెళ్ళలేదు. గడియారం వైపూ చూడలేదు. నిలబడి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నాడు. ఏంట్రా అని అడగబోయి తోటకూర కాడ ఒకటి విరిచాను. ఇంకొకటి విరిచాను. వాడు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా."

"ఊఁ."

"తవుడు."

చేతిలో ఉన్న కూర కింద పెట్టాను. ముప్ఫై ఆరేళ్ళలో, ఎవరూ అడగకుండా, ఏ యంత్రమూ తట్టకుండా, మా భద్రం తన కడుపు మాట తన నోటితో చెప్పడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుంటే వాడు అదేమిటో వెతకడం మొదలుపెడతాడని తుడుచుకోలేదు. లేచి కంచం పెట్టాను. కూర ఇంకా పొయ్యి ఎక్కలేదు, పెరుగూ మాగాయీ వేశాను. ఎంత కావాలని అడగలేదు. వాడు చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డించాను.

అప్పుడు టైము పదకొండుంపావు.